మన ఫారంలో ఆరో గడి

(సంస్థ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పై చదువుల సహాయం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను ఇరవై ఎనిమిదేళ్లుగా హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నదాన్ని. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌కు అలవాటు పడిన గొంతు ఇది. పదికీ నలభై ఐదుకీ మధ్యలో ఎక్కడో ఆపుతాను. వంటవాళ్లు దమ్ము దించేలోపు ముగిస్తానని మాత్రం మాటిస్తున్నాను.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మన సహాయం కోరే పిల్లలు నింపే దరఖాస్తు ఫారం మీలో చాలామంది చూసి ఉండరు. రెండు పేజీలుంటుంది. తండ్రి పేరు, ఆదాయం, మార్కులు, అన్నీ అయ్యాక ఆరో గడి వస్తుంది. పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు మాత్రమే. "ప్రచురించిన పరిశోధన పత్రాలు ఎన్ని? వాటికి వచ్చిన సైటేషన్లు ఎన్ని?" అని ఉంటుంది. ఆ గడి పెట్టించింది నేనే. అంకె ఉంటే వాదన ఉండదు, సిఫారసులు ఉండవు, అందరికీ న్యాయం జరుగుతుంది అనుకున్నాను.

మూడేళ్ల కిందట ఇద్దరు పిల్లలు పరిశోధన మధ్యలో డబ్బు అందక మన దగ్గరికి వచ్చారు. మన దగ్గర ఒక్కరికి సరిపడా మాత్రమే ఉంది. అబ్బాయి ఆరో గడిలో ఏడు పత్రాలు, ముప్పై చిల్లర సైటేషన్లు అని రాశాడు. అమ్మాయి ఒక పత్రం, సున్నా సైటేషన్లు అని రాసింది. ఆమె తండ్రి టైలరు. ఆమె పని మూర్ఛవ్యాధి మీద. కమిటీ ఐదు నిమిషాల్లో తేల్చేసింది. "ఏడు పెద్దదా, ఒకటి పెద్దదా?" అన్న మాట నా నోటి నుంచే వచ్చింది.

తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, ఆ ఏడింటిలో ఐదు పత్రాలు డబ్బు కడితే వారం పది రోజుల్లో అచ్చువేసే పత్రికల్లోవి. సైటేషన్లలో సగానికి పైగా తన పత్రాలను తాను పేర్కొన్నవి, తోటి స్నేహితులు పేర్కొన్నవి. నేను ఆ అబ్బాయిని తప్పు పట్టటం లేదు. లెక్క చూపించమని మనలాంటి వాళ్లందరూ అడుగుతుంటే అతను లెక్క చూపించాడు. ఆ అమ్మాయి మాత్రం ఏడాదిన్నర పాటు పరిశోధన ఆపేసి కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పుకుంది. ఆమె రాసిన ఆ ఒక్క పత్రాన్ని కమిటీలో ఎవరూ చదవలేదు. జీవశాస్త్రం టీచర్నై ఉండి నేనూ చదవలేదు.

అప్పుడు నాకు నేను ఒక శిక్ష వేసుకున్నాను. ఈ సైటేషన్ అనేది ఏమిటో, అది దేన్ని కొలుస్తుందో, దేన్ని కొలవదో కూర్చుని నేర్చుకోవాలి అని. నేర్చుకున్నది ఈ రోజు మీ ముందు పెడుతున్నాను, ఎందుకంటే ఆ గడి నింపించేది మేమైనా దాని వెనక ఉన్న డబ్బు మీది.

సైటేషన్ అంటే ఏమిటి? ఒక పరిశోధకురాలు పత్రం రాసేటప్పుడు, ఫలానా మాట నాది కాదు, ఫలానా సంవత్సరంలో ఫలానా వారు కనుక్కున్నది, దాని మీద నిలబడి నేను నా పని చేశాను అని చివర పేర్లు రాస్తుంది. అలా ఒక పత్రం పేరు మరో పత్రంలో రావటమే సైటేషన్. మనకు ఇది కొత్త సంగతి కాదు. హదీసు చెప్పేవారు నేను ఫలానా వారి దగ్గర విన్నాను, ఆయన ఫలానా వారి దగ్గర విన్నారు అని వరసగా చెబుతారు కదా, ఆ వరసను ఇస్నాద్ అంటాం. అయితే ముహద్దిసులు ఆ పేర్లను లెక్కపెట్టి ఊరుకోలేదు. ఒక్కొక్కరు ఎలాంటి మనిషి, జ్ఞాపకం గట్టిదా కాదా, ఒకరినొకరు నిజంగా కలిశారా అని విచారించి సంపుటాలకు సంపుటాలు రాశారు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఈ పేర్లను ఒకచోట చేర్చి లెక్కపెట్టవచ్చు అన్న ఆలోచనను అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ అనే ఆయన 1955లో రాశారు. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ పేరుతో మొదటి సంపుటాలు తెచ్చారు. గార్ఫీల్డ్ ఉద్దేశం ప్రధానంగా వెతుకులాట. ఒక పాత పత్రాన్ని పట్టుకుంటే దాన్ని వాడుకున్న కొత్త పత్రాలన్నీ దొరకాలి, పొరపాటని తేలిన పత్రాన్ని తెలియక వాడుకోకుండా ఉండాలి. తర్వాత తర్వాత ఆ లెక్కే మనుషులకు మార్కులేసే లెక్క అయింది. 2005లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ హెచ్ ఇండెక్స్ అని ఒకటి ప్రతిపాదించారు. అది సులువే. ఒకరు ముప్పై పత్రాలు రాశారనుకోండి. వాటిలో పది పత్రాలు ఒక్కొక్కటి కనీసం పదిసార్లు పేర్కొనబడ్డాయి, పదకొండు పత్రాలకు పదకొండేసి సార్లు మాత్రం రాలేదు అంటే, ఆ మనిషి హెచ్ ఇండెక్స్ పది. ఉద్యోగాలు, ప్రమోషన్లు, గ్రాంట్లు ఇప్పుడు ఈ అంకె చుట్టూ తిరుగుతున్నాయి.

లెక్క తెలిసింది. దాని విలువ తెలియాలంటే ఒక మనిషి జీవితంలో పెట్టి చూడాలి. నేను ఎంచుకున్న మనిషి డాక్టర్ హుదా జోగ్బీ. పిల్లల నరాల డాక్టరు, జన్యుశాస్త్ర పరిశోధకురాలు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం హ్యూస్టన్ నగరంలోని బేలర్ కాలేజ్ ఆఫ్ మెడిసిన్‌లో పనిచేస్తున్నారు. ఆమె పేరున మూడు వందలకు పైగా పత్రాలున్నాయి. హెచ్ ఇండెక్స్ వందకు ఎంతో పైన ఉంటుంది. 1999లో ఆమె బృందం ప్రచురించిన ఒక్క పత్రాన్నే వేలసార్లు పేర్కొన్నారు. మన ఆరో గడిలో ఆమె అంకెలు రాస్తే గడి పట్టదు. కమిటీ ఒక్క నిమిషంలో సంతకాలు పెట్టేస్తుంది. కాని ఆమెకు డబ్బు, చోటు అవసరమైన రోజుల్లో ఆ గడిలో ఏముంది అన్నదే నా ప్రశ్న.

ఆమె 1954లో లెబనాన్ రాజధాని బేరూత్‌లో పుట్టారు. చిన్నప్పుడు ఇంగ్లీషు సాహిత్యం చదవాలని ఆశ. వైద్యం వైపు తిప్పింది తల్లి. బేరూత్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య మొదలుపెట్టిన ఏడాది, అంటే 1975లో, అక్కడ అంతర్యుద్ధం వచ్చింది. ఇంటి దగ్గర ఫిరంగి తునక తగిలి తమ్ముడు గాయపడ్డాడు. తల్లిదండ్రులు పిల్లల్ని అమెరికా పంపించారు. కొద్ది నెలల్లో తిరిగి వెళ్దామనుకున్నారు, యుద్ధం ఆగలేదు. అప్పటికి అక్కడి కాలేజీలు తెరిచేశారు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆ అమ్మాయికి చోటిచ్చింది నాష్‌విల్ నగరంలోని మెహారీ మెడికల్ కాలేజీ. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి ప్రజల్లోంచి డాక్టర్లను తయారుచేయటం కోసం 1876లో పెట్టిన కాలేజీ అది. 1979లో ఆమె అక్కడి నుంచి డాక్టరుగా బయటికి వచ్చారు. దాతలారా, ఒక్క విషయం గమనించండి. ఆ ఒక్క సీటు లేకపోతే తర్వాతి కథ ఏదీ లేదు. అయినా ఏ సైటేషన్ లెక్కలోనూ ఆ సీటు కనిపించదు.

ఇప్పుడు అసలు కథకు ముందు ఇంకొక డాక్టరు గురించి చెప్పాలి. ఆస్ట్రియా దేశంలో వియన్నా నగరంలో ఆంద్రియాస్ రెట్ అనే పిల్లల డాక్టరు ఉండేవారు. 1954లో ఒకరోజు తన ఆస్పత్రిలో ఎదురుచూస్తున్న వాళ్లలో ఇద్దరు ఆడపిల్లలు కనిపించారు. ఇద్దరూ తల్లుల ఒళ్లో కూర్చుని, సబ్బుతో చేతులు కడుక్కుంటున్నట్టు ఒకే తీరున చేతులు పిసుక్కుంటున్నారు. ఆయన పాత రికార్డులు తీసి చూస్తే అలాంటి పిల్లలు ఇంకా ఉన్నారు. అందరూ ఆడపిల్లలే. పుట్టినప్పుడు బాగానే ఉంటారు. ఆరు నెలలు, ఏడాది, ఏడాదిన్నర దాకా నవ్వుతారు, ఆడతారు, ఒకటి రెండు మాటలు నేర్చుకుంటారు. తర్వాత నేర్చుకున్న మాటలు పోతాయి. చేత్తో పట్టుకోవటం పోతుంది. చేతులు పిసుక్కోవటం మొదలవుతుంది. చాలామందికి మూర్ఛలు వస్తాయి, ఊపిరి తీరు తప్పుతుంది. దాదాపు పదివేల మంది ఆడపిల్లల్లో ఒకరికి వచ్చే జబ్బు ఇది. మన ఊళ్లలో అలాంటి పాపను చూస్తే దిష్టి తగిలిందంటారు, తాయెత్తు కడతారు, చివరికి తల్లినే అంటారు.

రెట్ ఈ జబ్బు గురించి 1966లో జర్మన్ భాషలో ఒక వైద్య పత్రికలో రాశారు. దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. 1970లో మన కమిటీ వియన్నాలో ఉండి, ఆయన దరఖాస్తు పెట్టుకున్నారనుకోండి. ఈ జబ్బు మీద పత్రాలకు సైటేషన్లు దాదాపు సున్నా. మనం ఏం చేసేవాళ్లమో మీరే ఊహించండి.

పదిహేడేళ్ల తర్వాత, 1983లో, స్వీడన్ డాక్టరు బెంగ్ట్ హాగ్‌బెర్గ్, ఫ్రాన్స్, పోర్చుగల్ డాక్టర్లతో కలిసి ముప్పై ఐదు మంది ఆడపిల్లల వివరాలతో ఇంగ్లీషులో ఒక పత్రం ప్రచురించారు. తామూ విడిగా చూసిన జబ్బే అయినా, ముందు రాసిన మనిషి పేరే పెట్టారు. అలా అది రెట్ సిండ్రోమ్ అయింది. ఒక సైటేషన్‌కు ఇంతకంటే గౌరవం ఉంటుందని నేను అనుకోను. రెట్ గారి పత్రంలో 1966కీ 1983కీ మధ్య ఒక్క అక్షరం మారలేదు. ఇంగ్లీషు చదివే డాక్టర్ల కంట పడటం ఒక్కటే మారింది.

అదే 1983లో హ్యూస్టన్‌లో ఇంకా శిక్షణలో ఉన్న హుదా జోగ్బీ దగ్గరికి చేతులు పిసుక్కుంటున్న ఒక పాప వచ్చింది. అప్పుడే వచ్చిన ఆ పత్రం వల్ల జబ్బు పేరు తెలిసింది. కొద్దిరోజులకే అలాంటి మరో అమ్మాయిని చూశారు. ఇద్దరి జబ్బూ ఇంత ఒకేలా ఉంటే దీని వెనక ఒకే కారణం, బహుశా ఒకే జన్యువు ఉండాలి అని ఆమెకు తోచింది. 1985లో జన్యు పరిశోధనలో శిక్షణ మొదలుపెట్టారు.

చాలామంది వద్దన్నారు. వాళ్లు తెలివితక్కువ వాళ్లు కాదు, వాళ్ల దగ్గర కారణం ఉంది. జన్యువు కోసం వెతకాలంటే ఒక కుటుంబంలో ఇద్దరు ముగ్గురు రోగులుండాలి, తరతరాల రక్త నమూనాలు పోల్చాలి. ఈ జబ్బు దాదాపు ఎప్పుడూ ఇంట్లో ఒక్క పాపకే వస్తుంది. అసలు జన్యువ్యాధే కాదేమో అన్నారు. అరుదైన జబ్బు, ఆధారం లేని ఊహ, చేతిలో ఫలితం లేదు. అలాంటి ప్రాజెక్టుకు డబ్బెవరిస్తారు?

ఆమె రెండు పనులు చేశారు. ఒక పక్క, కుటుంబాల్లో తరతరాలుగా వచ్చే ఇంకో నరాల జబ్బును పట్టుకున్నారు. నడకలో తూలటంతో మొదలై మనిషిని మంచాన పడేసే జబ్బు అది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోని హ్యారీ ఆర్‌తో కలిసి 1993లో దాని జన్యువును కనుక్కున్నారు. రెండు ప్రయోగశాలల్లోనూ ఆ ఫలితం ఒకే రోజున బయటపడింది. నేను ముందు అన్న నువ్వు ముందు అన్న అనే గొడవ లేకుండా కలిసి ప్రచురించారు. ఆ పత్రానికి పేరొచ్చింది, సైటేషన్లు వచ్చాయి. ఇంకో పక్క, అంకెలు రాని రెట్ పనిని వదలకుండా నడిపారు. ఆ పిల్లల తల్లిదండ్రులు సంఘంగా ఏర్పడి పరిశోధకులకు అండగా నిలబడ్డారు. రక్త నమూనాలిచ్చారు.

1996లో హోవార్డ్ హ్యూస్ మెడికల్ ఇన్‌స్టిట్యూట్ ఆమెను తమ పరిశోధకురాలిగా తీసుకుంది. ఇది ప్రైవేటు ధర్మసంస్థ. వీళ్ల పద్ధతి మనం తెలుసుకోదగ్గది. ఈ ప్రాజెక్టుకు ఇంత అని లెక్కకట్టి ఇవ్వరు. మనిషిని పరీక్షగా చూసి ఎంచుకుంటారు, ఎంచుకున్నాక కొన్నేళ్లపాటు నిలకడగా డబ్బిస్తారు. ఏ ప్రశ్న వెంట పడాలో ఆ మనిషికే వదిలేస్తారు.

1999లో ఆమె బృందం ఆ జన్యువును కనుక్కుంది. పత్రంలో మొదటి పేరు రూతీ అమీర్ అనే యువ పరిశోధకురాలిది. ఎక్స్ క్రోమోజోమ్ చివర ఒక్కొక్క జన్యువునే పరీక్షిస్తూ వచ్చి, మెక్‌పీ2 అనే జన్యువు దగ్గర దొరికింది. మొదటి పాపను చూసి అప్పటికి పదహారేళ్లు. ఇక్కడ ఇంకో విశేషం ఉంది. ఆ మెక్‌పీ2ను 1992లోనే స్కాట్లండ్‌లోని ఎడింబరోలో ఏడ్రియన్ బర్డ్ బృందం గుర్తించింది. డీఎన్ఏకు అంటుకునే ఒక ప్రొటీన్‌గా మాత్రమే. ఏడేళ్ల తర్వాత అది వియన్నాలో ఒళ్లో కూర్చున్న ఆ ఇద్దరు పిల్లల జబ్బుకు తాళంచెవి అవుతుందని అప్పుడు ఎవరికీ తెలియదు.

దాంతో తల్లిదండ్రులకు ఏం ఒరిగింది అని మీరు అడగాలి. దాతలు అడగవలసిన ప్రశ్నే అది. మొదటిది, రక్తపరీక్షతో జబ్బును నిర్ధారించగలిగారు. ఏళ్ల తరబడి ఆస్పత్రులు తిరిగిన తల్లికి ఇది నీ తప్పు కాదు అని కాగితం మీద చూపించగలిగారు. రెండు, జోగ్బీ ప్రయోగశాలలోనే ఎలుకల్లో ఇంకో సంగతి తేలింది. ఈ ప్రొటీన్ తక్కువైనా జబ్బే, ఎక్కువైనా జబ్బే. అలా ఎక్కువ కావటం వల్ల జబ్బుపడిన పిల్లలను తర్వాత ఆస్పత్రుల్లో గుర్తించారు. మూడు, 2007లో బర్డ్ బృందం, జబ్బు ముదిరిన ఎలుకల్లో ఆ జన్యువును తిరిగి పనిచేయిస్తే లక్షణాలు వెనక్కి తగ్గుతాయని చూపింది. పోయిందనుకున్నది తిరిగి రావచ్చన్న ఆశ అక్కడ పుట్టింది. 2023లో అమెరికాలో ఈ జబ్బుకు మొట్టమొదటి మందుకు అనుమతి వచ్చింది. అది నయం చేసే మందు కాదు, కొన్ని లక్షణాలను కొంత తగ్గించేది. జన్యుచికిత్స ప్రయత్నాలు ఇంకా పరీక్షల దశలోనే ఉన్నాయి. 1966 నుంచి లెక్కేస్తే అరవై ఏళ్ల ప్రయాణం, ఇంకా ముగియలేదు.

2020లో బర్డ్‌కూ జోగ్బీకీ కలిపి మెదడు పరిశోధనలో పెద్దదిగా చెప్పే బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. 2022లో ఆమెకు, మరి ముగ్గురితో కలిపి, కావ్లీ ప్రైజ్ వచ్చింది. సైటేషన్లు, బహుమతులు అన్నీ వచ్చాయి. అన్నీ నిజమే, అన్నీ తర్వాతే.

అందుకని సైటేషన్ లెక్క వట్టి బూటకం అని నేను చెప్పటం లేదు. 1999 నాటి పత్రాన్ని వేలమంది పేర్కొన్నారంటే, ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలలు దాని మీద నిలబడి పనిచేశాయని అర్థం. ఆ అంకె ఒక సాక్ష్యం. కాని థర్మామీటరు జ్వరం ఎంతుందో చెబుతుంది, జబ్బేమిటో చెప్పదు. ఈ అంకె కూడా అంతే. దానితో వచ్చే చిక్కులు మూడు చెబుతాను.

ఒకటి, రకరకాల పత్రాలకు రకరకాల గిరాకీ. 1975లో మార్షల్ ఫోల్‌స్టీన్, సూసన్ ఫోల్‌స్టీన్, పాల్ మెక్‌హ్యూ ఒక పత్రం రాశారు. ఈ రోజు తేదీ ఎంత, ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకుని చెప్పండి అంటూ ముప్పై మార్కులకు పెట్టే చిన్న జ్ఞాపకశక్తి పరీక్ష అది. మతిమరపు ఉన్న పెద్దవాళ్లను చూసే ప్రతి డాక్టరుకూ పనికొస్తుంది కనుక పదివేల సార్లకు ఎంతో పైగా పేర్కొన్నారు. మంచి పనే. కాని అరుదైన జబ్బు మీద పనిచేసే వాళ్లకు అన్ని పేర్లు రావు, ఎందుకంటే ఆ జబ్బు మీద పనిచేసే వాళ్లే తక్కువ. పెద్ద బజారులో కొట్టునూ కొండ మీద కొట్టునూ అమ్మకాల్లో పోల్చినట్టు ఉంటుంది.

రెండు, తప్పుకూ సైటేషన్లు వస్తాయి. 2006లో మతిమరపు వ్యాధి అల్జీమర్స్ మీద నేచర్ పత్రికలో ఒక పత్రం వచ్చింది. దాన్ని సుమారు 2,500 సార్లు పేర్కొన్నారు. అందులోని బొమ్మలను మార్చారని తేలి 2024లో ఆ పత్రాన్ని ఉపసంహరించారు. పద్దెనిమిదేళ్ల పాటు ఎవరి ఆరో గడిలోనో అది మెరుస్తూనే ఉంది.

మూడు, మార్కులకోసమే అడిగితే మార్కులే వస్తాయి. ఈ సంగతి టీచర్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పరీక్షలో వచ్చే ప్రశ్నలే చెప్పండి మేడమ్ అనే పిల్లల్ని తయారుచేసింది మేమే. పరిశోధనలోనూ అంతే. డబ్బు తీసుకుని అచ్చువేసే పత్రికలు మన దేశంలో పుట్టగొడుగుల్లా లేచాయి. పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వాలంటే ముందు పత్రం అచ్చయి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది. ఒక మెట్టు మీద ఆ సంగతి గ్రహించారు. మన రెండు పేజీల ఫారంలో మాత్రం అది ఇంకా ఉంది.

ఇక చివరి మాటలు. కమిటీ ముందు, మీ ముందు నా ప్రతిపాదనలు పెడుతున్నాను.

మొదటిది, ఆరో గడి తీసేద్దాం. దాని స్థానంలో రెండు ప్రశ్నలు పెడదాం. నువ్వు చేస్తున్న పని ఏమిటో పదో తరగతి పిల్లకు అర్థమయ్యేట్టు తెలుగులోగాని ఉర్దూలోగాని ఒక పేజీ రాయి. నీ పత్రాల్లో నీకు బాగా నచ్చినది ఒకటి జతచేసి, అందులో నీ చేత్తో చేసినది ఏదో చెప్పు. సైటేషన్లు ఉంటే రాయనిద్దాం, కాని ఎవరు ఎందుకు పేర్కొన్నారో కూడా రాయమందాం. ముహద్దిసులు చేసిన పని ఇదే కదా. పేర్లు లెక్కపెట్టలేదు, పేర్లను విచారించారు.

రెండోది, వచ్చినవాటిని ఎవరో ఒకరు చదవాలి. రిటైరైన ఇద్దరు కాలేజీ లెక్చరర్లను నేను అడిగాను. ఒప్పుకున్నారు. డబ్బు తీసుకోరు, టీ ఇస్తే చాలన్నారు. మూడో మనిషిగా నేను కూర్చుంటాను.

మూడోది మీకు కష్టమైనది. పరిశోధన చేసే వాళ్లకు ఒక్కసారి ఇచ్చి వదిలేయకుండా మూడేళ్లు ఇద్దాం. ఏడాదికొకసారి పిలిచి ఏం చేశావో చెప్పమందాం. దీనివల్ల మన వార్షిక నివేదికలో లబ్ధిదారుల సంఖ్య తగ్గుతుంది. పోయినేడు పన్నెండు మంది అని వేశాం. వచ్చే ఏడు నలుగురో ఐదుగురో అని వేయవలసి వస్తుంది. దాతలు ఆ అంకె చూసి సంస్థ పని తగ్గింది అనుకుంటారేమోనని కోశాధికారిగారి భయం. ఆయన భయం న్యాయమైనదే. అందుకే ఇది కమిటీ గదిలో చెప్పకుండా మీ అందరి ముందు చెబుతున్నాను. మా దగ్గర మీరు అంకె అడిగితే మేము పిల్లల దగ్గర అంకె అడుగుతాం. మీరు వివరం అడిగితే మేమూ వివరం అడుగుతాం.

ఇంకొక్క మాట. ఆ టైలరుగారి అమ్మాయి ఈ ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టుకుంది. కోచింగ్ సెంటర్ మాని తిరిగి ప్రయోగశాలకు వెళ్లింది. ఇప్పటికీ ఆరో గడిలో ఒక పత్రం అనే రాసింది. సైటేషన్లు రెండు. వచ్చే నెల కమిటీ కూర్చుంటుంది. ఆ దరఖాస్తు వచ్చినప్పుడు నేను గదిలో ఉండను, ఎందుకంటే నా మనసులో ఉన్న అపరాధ భావం కూడా ఒక రకం సిఫారసే. ఆమెకే ఇవ్వమని నేను అడగటం లేదు. ఆమె కంటే అర్హులు రావచ్చు. ఆ పత్రాన్ని ఈసారి చదవమని మాత్రం అడుగుతున్నాను. పదకొండు పేజీలుంది. నేను మూడుసార్లు చదివాను. మొదటిసారి సగం అర్థం కాలేదు. ఆ అమ్మాయినే ఇంటికి పిలిచి చెప్పించుకున్నాను. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివిన పిల్ల, బల్ల మీద కాగితం పరచి రెండు గంటలు నాకు పాఠం చెప్పింది.

కొత్త ఫారం నమూనా బయట బల్ల మీద ఉంది. భోజనానికి వెళ్తూ ఒకటి తీసుకోండి, చదవండి, మార్పులుంటే పెన్నుతో అక్కడే రాసి కార్యదర్శిగారి చేతికివ్వండి.